సొమ్ము ముట్టినదా?

హైదరాబాదు నగరమునకు తూర్పుగా, ఉప్పలు దాటి వరంగల్లు రహదారి వెంట సాగిపోవువారికి ఘట్‌కేసరు చేరకమునుపే అన్నోజిగూడ తగులును. ఒకప్పుడు బాటసారులు పేరైనను అడుగక దాటిపోయెడి చిన్న పల్లె అది. నేడు రహదారి కిరుప్రక్కల అంగళ్లు, మందుల దుకాణములు, ఫలహారశాలలు వెలసినవి. ప్రొద్దు వాలునప్పటికి కూరగాయల బండ్లు వరుసదీరును. బండి ముంగల నొక క్యూఆరు చీటి వ్రేలాడుచుండును. ప్రక్కనే ఒక చిన్న పలుకుపెట్టె ఉండును. కొనువారు తమ ఫోనును ఆ చీటికి చూపి సొమ్ము పంపుదురు. సొమ్ము ముట్టగనే ఆ పెట్టె ఇన్ని రూపాయలు వచ్చినవని అందఱికి వినబడునట్లు చాటును. పెట్టె పలికినది గనుక బేరము ముగిసినది. కొన్నవారు సంచి పట్టుకొని ఇంటిదారి పట్టుదురు.

ఏదో ఒక సాయంకాలమున ఆ పెట్టె పలుకదు. కొన్నామె, "నా పైసలు పోయినయి అన్నా" అనును. బండి యజమాని, "నాకు రాలేదక్కా" అనును. ఆమె తన ఫోను చూపును. అతడు తన ఫోను చూపును. ఇద్దఱిలో ఎవరును అబద్ధమాడుట లేదు. ఆమె ఖాతానుండి సొమ్ము పోయినమాట నిజము. అతని ఖాతాకు సొమ్ము రానిమాటయు నిజము. వెనుక నిలిచినవారు తొందరపెట్టుచుందురు. మఱి ఆ నూట ఇరువది రూపాయలు ఈ క్షణమున ఎవరివి? అవి తిరిగి వచ్చువఱకు, లేదా చేరువఱకు, ఆ లోటును మోయవలసిన వారెవరు?

ఈ ప్రశ్న ఫోనుతో పుట్టినది కాదు. సొమ్ము ఒక చేతినుండి మఱియొక చేతికి నేరుగా మాఱక, ఒక మాట రూపముననో, ఒక చీటి రూపముననో ప్రయాణము చేయనారంభించిన నాటినుండియు ఈ ప్రశ్న వర్తకుల వెంట వచ్చుచునే ఉన్నది. మాట ఇచ్చుటకును సొమ్ము ముట్టుటకును నడుమ గల ఎడము నెలలనుండి దినములకు, దినములనుండి నిమిషములకు తగ్గిన కథ అందఱు నెఱిగినదే. ఆ ఎడములో కలుగు నష్టము ఎవరి నెత్తిన పడవలెనో నిర్ణయించిన కథ మాత్రము అంతగా చెప్పుకొనబడలేదు. చెల్లింపుల చరిత్రలో అసలు ముఖ్యమైనది ఆ రెండవ కథయే అని నా విన్నపము.

గోల్కొండ నాటినుండి మొదలిడుదము. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు తావెర్నియే పలుమాఱులు గోల్కొండకు వచ్చెను. అతని యాత్రాగ్రంథము 1676లో అచ్చయ్యెను. అందు వజ్రముల ముచ్చటలతోపాటు హుండీల ముచ్చటయు కలదు. సూరతు రేవున చెల్లునట్లు ఏయే పట్టణమున హుండీ వ్రాయించిన నూటికెంత పడునో అతడు వరుసగా పేర్కొనెను. గోల్కొండనుండి నూటికి నాలుగైదు. అహమ్మదాబాదునుండి ఒకటి, ఒకటిన్నర. దూరపు ఢాకానుండి పది. ఈ రుసుము అధికముగా తోచుట సహజము. దానికతడు చెప్పిన కారణము గమనింపదగినది. దారిలో సరకు దొంగలపాలైనచో, ఆ సరకుపై సొమ్మిచ్చిన వానికే ఆ సొమ్ము దక్కదు. అనగా నూటికి నాలుగైదు రూపాయలు కేవలము వడ్డీ కాదు. గోల్కొండకును సూరతునకును నడుమనున్న అడవులను, ఏఱులను, బందిపోట్లను ఒకడు తన నెత్తిన వేసికొన్నందులకు పుచ్చుకొనిన కూలి అది. ఎడము ఎంత పెద్దదో కూలి అంత. ఎవడు మోయుచున్నాడో ఇరువురకును ముందే తెలియును.

హైదరాబాదు నగరము వెలసిన పిమ్మట గోల్కొండ దారిలోని కార్వాన్, తరువాతి కాలమున బేగంబజారు, రెసిడెన్సీ బజారులు సాహుకార్లకు నిలయములయ్యెను. మారువాడీలు, గుజరాతీలు, గోసాయీలు, మన కోమట్లు ఇచ్చట కొట్లు తెఱచి దేశమంతటితో హుండీల వ్యవహారము నడపిరి. ఆ హుండీలలో తెగలు పెక్కు. చూపినవెంటనే చెల్లింపవలసినది దర్శనీ హుండీ. ఇన్ని దినములకని గడువు కలది ముద్దతీ హుండీ. హక్కుదారునికే చెల్లవలసినది ధనీజోగ్. నగరమున పేరుపడిన ఒక సాహుకారు ద్వారముననే చెల్లవలసినది షాజోగ్. సరకు క్షేమముగా చేరిననే చెల్లునట్లు వ్రాసినది జోఖమీ హుండీ. తావెర్నియే చెప్పిన అపాయమే ఈ చివరిదానికి పేరయినది.

హుండీ దారిలో తప్పిపోయినచో ఏమగును? వానలకు వాగులు పొంగి, టపామనిషి చేరకపోవుట ఆనాడు అరుదు కాదు. దానికిని సాహుకార్లు ముందే మార్గము చూచుకొనిరి. మొదటి హుండీ పోయినచో పైఠ్ అను రెండవ ప్రతి వ్రాయుదురు. అదియు పోయినచో పరపైఠ్ అను మూడవ ప్రతి. ఈ మూటిలో ఏ యొక్కటి చెల్లినను తక్కినవి చెల్లనేరవని అందే వ్రాసియుండును. చెల్లిన హుండీకి ఖోకా అని పేరు. దానిని చెల్లించిన కొట్టువారు భద్రపఱతురు. ఇందు మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. ఆ వర్తకులు ఆలస్యము జరుగదని ఎన్నడును నమ్మలేదు. జరుగునని నమ్మి, జరిగిననాడు ఏమి చేయవలెనో ఏర్పఱచుకొనిరి. బ్రిటిషిండియాలో 1881లో చెక్కులకును ప్రామిసరీ నోటులకును చట్టము వచ్చినప్పుడు, దేశభాషలలో వ్రాసికొను పత్రముల విషయమున స్థానికాచారమునకు ఆ చట్టము భంగము కలిగింపదని మొదటి సెక్షనులోనే వ్రాయవలసి వచ్చెను. సాహుకార్ల ఆచారమునకు అంతటి బలముండెను.

ఎడమును ఎవరు మోయవలెనో తేల్చనిచోట ఎంతటి అనర్థము వాటిల్లునో చెప్పుటకు హైదరాబాదు చరిత్రయే సాక్ష్యము. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున నిజాము ఖజానా వట్టిపోయియుండెను. తాలూకాల రాబడి ముందే సాహుకార్లకును జమాదార్లకును తాకట్టుపడినది. రాబడి వచ్చువఱకు జీతములు నిలిచిపోవును. జీతములు నిలిచిననాడు సిపాయి కొట్టువాని వద్ద అరువు పెట్టును. కొట్టువాడు సాహుకారుకు వాయిదా చెప్పును. ఒకచోట ఆగిన రూపాయి పదిచోట్ల లోటయ్యెను. ఇంగ్లీషువారి ఆధిపత్యమున నుండిన హైదరాబాదు కాంటింజెంటు సైన్యపు జీతములు సకాలమున అందకపోవుటచే కంపెనీవారు తమ ఖజానానుండి చెల్లించి, ఆ మొత్తమును నిజాము పేర అప్పుగా వ్రాసికొనుచు వచ్చిరి. ఆ బాకీ పెరిగి పెరిగి 1853 మే నెల సంధికి దారితీసెను. బీరారు సీమ ఇంగ్లీషువారి స్వాధీనమయ్యెను. యుద్ధమున ఓడిపోయి కాదు, జీతముల చెల్లింపు జాప్యమై ఒక సీమ చేజాఱినది.

ఆ నెలలోనే దివానుగిరీ వహించిన సాలార్‌జంగు ఇరువది నాలుగేండ్ల యువకుడు. అతడు చేసిన సంస్కరణములను గూర్చి పెద్ద గ్రంథములే కలవు. మన విషయమునకు సంబంధించినంతవఱకు అతని గొప్పతనము ఒక్కమాటలో చెప్పవచ్చును. తాకట్టుపడిన తాలూకాలను క్రమక్రమముగా విడిపించి, సాహుకార్లకు చెప్పిన వాయిదాలను నిలుపుకొనెను. సర్కారు మాట మరల చెల్లుబాటయ్యెను. మాట చెల్లుబాటయిన చోట సొమ్ము కొంత ఆలస్యమైనను లోకము భయపడదు.

ఈ రాజ్యమునకు మఱియొక చిక్కు కూడ ఉండెను. ఇచ్చట హాలీ సిక్కా, సరిహద్దు దాటిన కలదారు. పిదపటి కాలమున ఏడు హాలీ రూపాయలు ఆఱు కలదారు రూపాయలకు సమమని లెక్క స్థిరపడినను, అంతకుముందు బజారు ధర నానాటికి మాఱుచుండెడిది. బెజవాడ వర్తకునకో, బొంబాయి వర్తకునకో సొమ్ము పంపువాడు ఆ మార్పిడికి బట్టా చెల్లింపవలెను. హుండీ వ్రాసిననాటి ధర ఒకటి, చెల్లిననాటి ధర మఱియొకటి అయినచో, ఆ భేదము అమ్మినవాడు మోయవలెనా, కొన్నవాడు మోయవలెనా అన్నది బేరమునందే తేల్చుకొనవలసిన విషయము. తేల్చుకొననివాడు నష్టపడెను.

ఇంతలో రైలుబండి వచ్చెను. 1874లో వాడీనుండి సికింద్రాబాదు వఱకు వచ్చిన దారి, 1886 నాటికి ఘట్‌కేసరు మీదుగా వరంగల్లునకును, 1889లో బెజవాడకును సాగెను. అన్నోజిగూడ పొలములవారికి ధూమశకటపు కూత వినబడసాగినది ఆనాటినుండియే. రైలుతోపాటు తపాలాయు వేగము పుంజుకొనెను. నిజాము రాజ్యమునకు సొంత తపాలా యుండెను. దాని బిళ్లలు 1869 నుండి చెలామణిలో నుండి, ఆ శాఖ 1950లో భారత తపాలాలో కలిసిపోయెను. బ్రిటిషిండియా తపాలావారు ప్రవేశపెట్టిన రెండు ఏర్పాటులు మన ప్రశ్నకు మిగుల దగ్గఱవి.

మొదటిది 1877లో వచ్చిన వి.పి.పి. అమ్మినవాడు సరకును తపాలాకు అప్పగించును. తపాలా జవాను కొన్నవాని గుమ్మమున సొమ్ము పుచ్చుకొనిన పిమ్మటనే పొట్లము చేతికిచ్చును. ఆ సొమ్ము తిరిగి తపాలా ద్వారముననే అమ్మినవానికి చేరును. మద్రాసునుండి పుస్తకములు తెప్పించుకొనిన తెలుగు పాఠకులలో ఈ వి.పి. పొట్లముల నెఱుగనివారు అరుదు. కొన్నవాడు ఎఱుగని అంగడివానిని నమ్మనక్కఱలేదు. అంగడివాడు ఎఱుగని కొనుగోలుదారుని నమ్మనక్కఱలేదు. ఇరువురును నమ్మవలసినది ఖాకీబట్టల జవాను నొక్కనినే. నడుమ కాలములో సరకును తపాలాదే పూచీ, సొమ్మును తపాలాదే పూచీ.

రెండవది 1880లో తపాలాకార్యాలయముల కప్పగింపబడిన మనియార్డరు. దాని ఫారమునకు ఒక తునక అంటియుండును. సొమ్ము ముట్టినవారు దానిపై సంతకమో, వేలిముద్రయో వేయుదురు. ఆ తునక పంపినవానికి తిరిగివచ్చును. కొడుకు పట్నమున మిల్లులో పనిచేయుచు పల్లెకు పంపిన పదిరూపాయలు చేరుటకు వారము పట్టవచ్చును. కాని తల్లి వేలిముద్ర గల తునక తిరిగివచ్చిననాడు అతని మనస్సు కుదుటపడును. సొమ్ము చేరుట వేఱు, చేరినదని తెలియుట వేఱు. మనియార్డరు ఈ రెంటికిని వేఱువేఱుగా ఏర్పాటు చేసినది. ఆ పాత పద్ధతి 2015లో నిలిచిపోయినది.

ఇక బ్యాంకుల కాలము. మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రబ్యాంకును స్థాపించిరి. నిజాము ప్రభుత్వము 1941లో హైదరాబాదు స్టేటుబ్యాంకును నెలకొల్పగా, అది 1942 ఏప్రిలులో గన్‌ఫౌండ్రీలో పని ప్రారంభించెను. హాలీ సిక్కా వ్యవహారమును చక్కబెట్టుట దాని విధులలో నొకటి. ఆ రెండు పేరులును నేడు లేవు. హైదరాబాదు స్టేటుబ్యాంకు 2017లో భారతీయ స్టేటుబ్యాంకున, ఆంధ్రబ్యాంకు 2020లో యూనియను బ్యాంకున లీనమైనవి. కాని అవి జనసామాన్యమునకు అలవాటు చేసిన చెక్కు మాత్రము నేటికిని ఉన్నది.

చెక్కుల పరిష్కారమునకు పట్టణముననున్న బ్యాంకుల గుమాస్తాలు నియతమైన వేళకు ఒకచోట కూడుదురు. ఎవరి కట్టలు వారు ఇచ్చి పుచ్చుకొందురు. ఈ బ్యాంకు ఆ బ్యాంకునకు లక్ష ఇయ్యవలెను. ఆ బ్యాంకు ఈ బ్యాంకునకు తొంబదివేలు ఇయ్యవలెను. చెల్లుకు చెల్లు పోగా మిగిలిన పదివేలు మాత్రమే చేతులు మాఱును. మన పల్లెలలో ధాన్యమునకు పాలు, పాలకు బట్ట చెల్లువేసికొనిన లెక్కయే పట్టణమున క్లియరింగు హౌసు అయినది. ఎంత సులభమైన ఏర్పాటైనను, అది ఒక వేళకు కట్టుబడినది. ఆ వేళ దాటినచో ఱేపటి మాట. ఆదివారము వచ్చినచో ఎల్లుండి మాట. పరవూరి చెక్కు సంగతి చెప్పనే అక్కఱలేదు. రిజర్వుబ్యాంకు 2008లో కలుగజేసికొని, రాష్ట్ర రాజధానుల చెక్కులు ఏడు దినములలో, పెద్ద నగరములవి పది దినములలో, తక్కిన ఊళ్లవి పదునాలుగు దినములలో వసూలు కావలెనని, ఆ గడువు దాటినచో బ్యాంకు వడ్డీ కట్టవలెనని చెప్పవలసి వచ్చెను. అంతవఱకు ఆ ఎడమును మోసినది చెక్కు పుచ్చుకొనిన అమ్మకపుదారే.

చెక్కు కాగితము ప్రయాణము మానివేసి దాని బొమ్మ మాత్రమే ప్రయాణము చేయు పద్ధతి 2008లో ఢిల్లీలోను, 2011లో దక్షిణ రాష్ట్రముల కొఱకు చెన్నపట్టణములోను మొదలయ్యెను. 2025 అక్టోబరు 4 నుండి చెక్కులను విడతలుగా కాక ఎప్పటికప్పుడు పరిష్కరించు ఏర్పాటు వచ్చినది. ఉదయము ఇచ్చిన చెక్కు సాయంకాలమునకు తేలిపోవునని చెప్పిరి. ఆ మొదటి దినములలోనే దేశమున పలుచోట్ల చెక్కులు దినములకొలది నిలిచిపోయెను. దారి వెడల్పు చేసిన మఱునాడే బండ్లు ఆగిపోవుట మనము రహదారులమీదను చూచునదే.

తంత్రీమార్గమున సొమ్ము పంపు విద్యలో మన హైదరాబాదునకు ఒక విశేషస్థానము కలదు. మాసబ్‌ట్యాంకు ప్రాంతమున రిజర్వుబ్యాంకు 1996లో బ్యాంకింగు సాంకేతిక పరిశోధనాసంస్థను స్థాపించినది. 1999లో ఆ సంస్థ బ్యాంకులన్నిటిని కలుపు ఇన్‌ఫినెట్ అను సమాచారజాలమును నడపనారంభించెను. పెద్దమొత్తములను అప్పటికప్పుడే పరిష్కరించు ఆర్టీజీఎస్ 2004 మార్చిలోను, చిన్నమొత్తముల కొఱకైన నెఫ్ట్ 2005 నవంబరులోను వచ్చినవి. నెఫ్ట్ పోస్టుబండి వంటిది. ఒక్కొక్క గడియకు ఒక్కొక్క విడత కదలును. 2017 జూలై నుండి అరగంటకొక విడతయైనది. అయినను శనివారము సాయంకాలము పంపిన సొమ్ము సోమవారము వఱకు వేచియుండవలసినదే. 2019 డిసెంబరు 16 నుండి గాని దానికి రాత్రియు ఆదివారమును లేకుండపోలేదు.

2016లో యూపీఐ వచ్చినది. ఆ సంవత్సరము నవంబరు 8న పెద్దనోట్లు రద్దయి, చిల్లర అంగళ్లవారు గత్యంతరము లేక ఫోనును ఆశ్రయించిరి. 2025 ఆగస్టు నెల ఒక్కదానిలో ఈ పద్ధతిని జరిగిన చెల్లింపులు రెండువేల కోట్లను దాటినవి. సొమ్ము క్షణములో పోవుచున్నదని మనమనుకొందుము. నిజమునకు క్షణములో పోవునది వార్త. కొన్నామె ఫోను ఆమె బ్యాంకునకు చెప్పును. ఆ బ్యాంకు ఆమె ఖాతాలో తగ్గించి, నడుమనున్న జాతీయ చెల్లింపుల సంస్థకు చెప్పును. ఆ సంస్థ అమ్మినవాని బ్యాంకునకు చెప్పును. ఆ బ్యాంకు అతని ఖాతాలో కలిపి, కలిపితినని వెనుకకు చెప్పును. బ్యాంకుల నడుమ అసలు సొమ్ము తరువాత విడతలుగా, చెల్లుకు చెల్లు పోగా, చేతులు మాఱును. గుమాస్తాలు కూడిన పాత గదియే నేడు కంటికి కనబడని చోటికి మాఱినది.

ఈ నాలుగు మజిలీలలో ఏ యొక్కచోట జవాబు ఆలస్యమైనను అన్నోజిగూడలో పెట్టె మూగవోవును. మొదటి మజిలీలో తగ్గింపు జరిగిపోయినది. చివరి మజిలీలో కలిపినారో లేదో వార్త రాలేదు. ఆనాటి వాగు పొంగినట్లే. ఇట్టి అడ్డంకి 2025 మార్చి 26న దేశమంతట కలిగెను. ఏప్రిలు 12న మరల కలిగెను. ఈ రెండవదానికి జాతీయ చెల్లింపుల సంస్థవారు విచారించి చెప్పిన కారణము మనలను ఆలోచింపజేయునది. కొన్ని బ్యాంకులు, జరిగిన చెల్లింపుల గతి ఏమైనదని అదేపనిగా ప్రశ్నలు పంపుచు పోయినవి. సొమ్ము ముట్టినదా, ముట్టినదా అను ప్రశ్నల వెల్లువలో సొమ్మునకే దారి లేకపోయెను! ఆ సంవత్సరము ఆగస్టు 1 నుండి ఈ ప్రశ్నలకు మితి విధించిరి. ఒక చెల్లింపును గూర్చి మూడుమాఱులకు మించి అడుగరాదు. మాఱునకు మాఱునకు నడుమ తొంబది సెకనులుండవలెను. తన నిలువ యెంతో చూచుకొనుట సైతము ఒక్కొక్క ఆప్‌లో దినమునకు ఏబదిమాఱులకే పరిమితమైనది. మనియార్డరు తునక వచ్చువఱకు వారము దినములు ఓపికపట్టిన జాతికి తొంబది సెకనులు ఓపికపట్టుమని నియమము చేయవలసి వచ్చినది. ఇది ఎవరిని నిందించుటకు అనుట కాదు. ఆనాడు తునక తప్పక వచ్చునని తెలియును గనుక ఓపిక ఉండెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆ నూట ఇరువది రూపాయల లోటును ఎవరు మోయవలెను? దీనికి జవాబు లేకపోలేదు. రిజర్వుబ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక ఉత్తరువు వెలువరించి, అక్టోబరు 15 నుండి అమలుపఱచెను. యూపీఐలో ఒకరి ఖాతానుండి సొమ్ము తగ్గి రెండవవారి ఖాతాకు చేరకపోయినచో మఱునాటికి తిరిగి రావలెను. అంగడిలో చెల్లించిన సొమ్మునకు అంగడివానికి వార్త అందకపోయినచో అయిదు దినములలో తిరిగి రావలెను. గడువు దాటిన ప్రతిదినమునకు బ్యాంకు నూఱు రూపాయలు పరిహారమీయవలెను. అదియు ఫిర్యాదు చేసినవారికే కాదు, చేయనివారికి సైతము తనంతట తానే జమకట్టవలెను. ఏ యేటిసూతకమో అన్నట్లు బ్యాంకుల చుట్టు తిరుగవలసిన అవసరము లేకుండ చేసిన మంచి నియమమిది. బండ్లముందు జగడమాడుకొనువారిలో ఎందఱికిది తెలియును?

అయితే ఈ నియమమును నిదానముగా పరిశీలించినచో ఒక విశేషము కనబడును. సొమ్ము తిరిగి వచ్చునది కొన్నామెకు. పరిహారము వచ్చునది కొన్నామెకు. అతడు నమ్మి సంచి నింపి పంపినవాడైనచో, అయిదవనాడు ఆమె ఖాతాలోనికి తిరిగిన సొమ్ము సంగతి అతనికి ఏ పెట్టెయు చెప్పదు. నమ్మక సంచి ఆపినవాడైనచో, ఆమె రెండవమాఱు చెల్లింపవలసివచ్చును, లేదా వట్టిచేతులతో పోవును. పెద్ద అంగడికి నూట ఇరువది రూపాయలు ఒక లెక్క కాదు. తెల్లవారుజామున మార్కెట్టులో సరకెత్తి, సాయంకాలమునకు అమ్మి, మరల ఆ సొమ్ముతోనే మఱునాటి సరకెత్తువానికి అది ఒక గంప వంగ, ఒక గంప బెండ. అతని పెట్టుబడి దినమునకొకమాఱు తిరుగవలసినది. అది అయిదు దినములు ఆకాశమున నిలిచినచో అతడు నిలువలేడు.

ఇంటినుండి పచ్చళ్లు, చీరలు ఆన్‌లైనులో అమ్ముకొను ఇల్లాండ్ర స్థితియు ఇట్టిదే. వారికిని కొన్నవారికిని నడుమ చెల్లింపుల మధ్యవర్తి ఒకడుండును. అట్టివారు సొమ్మును తమవద్ద నిలుపుకొనరాదని రిజర్వుబ్యాంకు 2009లోనే నియమించి, రెండు మూడు పనిదినములలో అమ్మకపుదారునకు చేర్చవలెనని గడువు పెట్టెను. 2020లో ఆ నియమములను మఱింత బిగించి, సొమ్ము ప్రత్యేకమైన ఎస్క్రో ఖాతాలో నుండవలెనని, సరకు చేరినట్లు తెలిసిన మఱునాటికి అమ్మినవారికి ఈయవలెనని చెప్పెను. అయితే సరకు వాపసు గడువు ముగియువఱకు సొమ్ము ఆపుదమని ఒడంబడిక ఉన్నచో, ఆ గడువు తరువాతనే. ఇది 1877 నాటి వి.పి.పి. జవాను చేసిన పనియే. భేదమొక్కటే. ఆనాడు పొట్లము చేయి మాఱినక్షణమున బేరము తెగినది. ఈనాడు కొన్నవారి మనస్సు మాఱునేమో అని అమ్మినవారు వేచియుందురు. ఎడము అమ్మినవారి వైపునకు జరిగినది.

తావెర్నియే నాటి సాహుకారు ఎడమును మోసి కూలి పుచ్చుకొనెను. జోఖమీ హుండీలో అపాయమెవరిదో పత్రముననే వ్రాసిరి. తపాలావారు పూచీపడిరి. చెక్కుల కాలమున 2008 తరువాత బ్యాంకు వడ్డీ కట్టవలసి వచ్చినది. ఈనాటి నియమము కొన్నవారిని కాపాడినది. చిల్లర అమ్మకపుదారుని కాపాడు వాక్యము ఇంకను వ్రాయవలసియున్నది. వేగము పెంచు నేర్పు మన ఇంజనీర్లకు కలదు. ఆలస్యమైననాడు ఏమి చేయవలెనో ముందే వ్రాసి పెట్టుకొను సాహుకారు బుద్ధి దానికి తోడు కావలెను.

అంతవఱకు మన చేతిలోనున్నది స్వల్పము. ప్రతి యూపీఐ చెల్లింపునకు పండ్రెండంకెల సంఖ్య యొకటి ఉండును. అది ఈనాటి హుండీ పైఠ్. పెట్టె పలుకనినాడు జగడమునకు బదులు ఆ సంఖ్యను బండి యజమానికి వ్రాసి ఇచ్చుట మేలు. కొంద ఱట్లు చేయుచునే ఉన్నారు. అన్నోజిగూడ బండ్లవారిలో ఒకడు తన తూనిక పళ్లెము క్రింద చిన్న నోటుపుస్తక మొకటి ఉంచుకొనును. పెట్టె మూగవోయిన సాయంకాలముల లెక్క అందులో పెన్సిలుతో వ్రాసియుండును: తేదీ, మొత్తము, ఆ సంఖ్యలో చివరి నాలుగంకెలు. పేరు వ్రాయడు. ఆఱవనాడో, ఏడవనాడో ఎవరైనను వచ్చి, "అన్నా, ఆ పైసలు నాకే వాపసు వచ్చినయి, తీసుకో" అని చేతిలో నోట్లు పెట్టినప్పుడు ఆ పంక్తిని అడ్డముగా కొట్టివేయును. ఆ పుస్తకమున కొట్టివేయని పంక్తులును కొన్ని ఉన్నవి.